రెండు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయా? కీర్తన ముందు పెట్టుకుని ప్రార్థించడం ఎలా

“ప్రార్థనకు కూర్చుంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయి. ఆ తర్వాత చెప్పిందే చెబుతున్నాను. ఏం చేయాలి?” నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో నిన్నమొన్న విశ్వాసంలోకి వచ్చినవాళ్లూ ఉంటారు, ఏళ్ల తరబడి ఆదివారం ఆరాధన తప్పనివాళ్లూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు పద్ధతంతా ఇక్కడ రాసేస్తున్నాను.

మాటలు అయిపోవడం భక్తి తక్కువై కాదు. మన అవసరాలతో మొదలుపెడతాం కాబట్టి ఆ జాబితా అయిపోగానే ప్రార్థన కూడా అయిపోతుంది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో తొలి సంఘం చేసిన ప్రార్థన తీసి చూడండి. పేతురు, యోహానులను అధికారులు బెదిరించి పంపిన రోజు అది. ప్రార్థన 24వ వచనంలో మొదలై 30తో ముగుస్తుంది. ముందు ఆకాశాన్ని, భూమిని, సముద్రాన్ని చేసినవాడు దేవుడని చెప్పారు. తర్వాత బైబిల్లోని కీర్తనల గ్రంథంలోంచి రెండో కీర్తన ఎత్తుకున్నారు. ఆ వెలుగులో తమ కష్టాన్ని చూశారు. విన్నపం చివరి రెండు వచనాల్లోనే ఉంది. అంత భయంలోనూ ఆ వరస తప్పలేదు. కింద చెప్పబోయే పద్ధతి ఆ వరసే.

కావలసినవి

- బైబిలు. అచ్చుప్రతి అయితే మేలు. ఫోనులోనే చదివేవారు ముందుగా నెట్ ఆపేయండి.
- ఒక నోటు పుస్తకం, పెన్ను.
- పదిహేను నిమిషాలు. మొదటి వారంలోనే గంట పెట్టుకోకండి, నిలవదు.
- గొంతు విప్పి మాట్లాడగలిగే చోటు. అది దొరకకపోతే పెదవులు కదిపితే చాలు. హన్నా అలాగే ప్రార్థించింది. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు, అది వేరే సంగతి (1 సమూయేలు 1:13).

మోకాళ్లూనాలా, నిలబడాలా అని అడుగుతుంటారు. దానియేలు మోకాళ్లూనాడు. దావీదు యెహోవా సన్నిధిలో కూర్చుని మాట్లాడాడు (2 సమూయేలు 7:18). జబ్బుపడిన హిజ్కియా మంచం మీదే గోడవైపు తిరిగి ప్రార్థించాడు (2 రాజులు 20:2). మీ మోకాళ్ల నొప్పి దేవుడికి అడ్డం కాదు.

1. కీర్తన ఎంచుకోండి

కీర్తనలు 150. ఎంచుకోవడానికి సులువైన దారి తేదీ. ఈ రోజు 13 అనుకోండి. దానికి ముప్ఫై చొప్పున కలుపుతూ పోతే 13, 43, 73, 103, 133 వస్తాయి. అయిదింటి మీదా చూపు పోనిచ్చి, మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒక్కదాన్ని పట్టుకోండి. మిగిలిన నాలుగూ వచ్చే నెల దాకా ఆగుతాయి.

తేదీ లెక్క వద్దనుకుంటే అవసరాన్ని బట్టి వెళ్లండి. తప్పు చేసి వచ్చినప్పుడు 51 లేదా 32. భయంగా ఉంటే 27, 46. దేవుడు పట్టించుకోవడం లేదనిపిస్తే 13, 77. కృతజ్ఞతకు 103, 116. చెడ్డవాళ్లు బాగుపడిపోతున్నారని కడుపు మండితే 73.

రెండు జాగ్రత్తలు. 42, 43 కీర్తనల్లో ఒకే పల్లవి వస్తుంది కాబట్టి 43 పడితే 42 నుంచి చదవండి. ఇక కొన్ని పాత కతోలిక ప్రతుల్లో 9, 10 కీర్తనలు కలిసి ఉంటాయి, ఆ తర్వాత చాలావరకు సంఖ్య ఒకటి తగ్గుతుంది. మీ ప్రతిలో “యెహోవా నా కాపరి” 22వదిగా ఉంటే నేను చెప్పే సంఖ్యల్లోంచి ఒకటి తీసేసి వెతకండి.

2. ముందు ఊరికే చదవండి

ఒకసారి బయటికి వినపడేలా, నెమ్మదిగా. ఇంకా ప్రార్థన మొదలుపెట్టకండి. పైన “దావీదు కీర్తన”, “ఆసాపు కీర్తన” వంటి శీర్షిక ఉంటే దాన్నీ చదవండి. 51వ కీర్తన శీర్షిక చదవకుండా లోపలికి వెళితే దావీదు ఎందుకంతగా కుమిలిపోతున్నాడో తెలియదు. “సెలా” అన్న చోట ఆగి ఊపిరి తీసుకోండి. దాని అర్థం గురించి పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు, మీరు దాని దగ్గర సమయం పోగొట్టుకోకండి.

3. దేవుడి గురించి చెప్పిన మాట ఒకటి పట్టుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. పద్ధతి ప్రాణమంతా ఇక్కడే ఉంది.

కీర్తనలో దేవుడు ఎలాంటివాడని చెబుతున్నారో, ఏం చేశాడని చెబుతున్నారో వెతికి, ఒక్క మాట నోటు పుస్తకంలో రాయండి. 103:8లో “దయాదాక్షిణ్యపూర్ణుడు, దీర్ఘశాంతుడు” అని ఉంటుంది. 139లో మనం ఎక్కడికి పోయినా ఉన్నవాడు. 121లో కునుకనివాడు. 68:5లో తండ్రి లేనివారికి తండ్రి.

ఇప్పుడు మీ విన్నపాన్ని ఆ మాటకు ముడివేయండి. అడిగే ప్రతిదాని చివరా “ఎందుకంటే నీవు...” అని పెట్టి వాక్యం పూర్తి చేయగలగాలి. “నా కోపాన్ని క్షమించు, ఎందుకంటే నీవు దీర్ఘశాంతుడవు.” “రాత్రి ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న నాన్నను చూసుకో, ఎందుకంటే నీవు కునుకనివాడవు.” వాక్యం పూర్తి కాకపోతే, ఎవరిని అడుగుతున్నామో ఇంకా చూసుకోలేదన్నమాట. వెనక్కి వెళ్లి కీర్తన మళ్లీ చదవండి.

ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు. సీనాయి కొండ మీద దేవుడు తన గురించి తానే మోషేతో చెప్పుకున్నాడు: కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృప, సత్యం (నిర్గమకాండము 34:6). తర్వాత జనం తిరగబడి, దేవుడు వారిని నాశనం చేస్తానన్నప్పుడు మోషే ఆ మాటలనే ఆయన ముందు పెట్టి క్షమాపణ అడిగాడు (సంఖ్యాకాండము 14:18). కీర్తనల్లో 86, 103, 145 ఆ మాటలనే మళ్లీ పాడతాయి. ప్రవక్త యోనా అయితే, దేవుడు నీనెవె పట్టణాన్ని నాశనం చేయకుండా వదిలేసినందుకు, వాటినే కోపంతో అన్నాడు. నీవు ఇలాంటివాడవని నాకు ముందే తెలుసు, అందుకే నీనెవెకు వెళ్లనన్నాను అని దేవుడితో వాదానికి దిగాడు (యోనా 4:2). ఒకే సంగతి ఒకడి నోట బతిమాలుకోవడం, ఇంకొకడి నోట నిష్ఠూరం. దేవుడు ఇద్దరికీ జవాబిచ్చాడు.

4. వచనాన్ని మీ మాటగా తిప్పండి

ఒక్కో వచనం చదవడం, ఆగడం, అదే సంగతి మీ బతుకులోంచి చెప్పడం. ఉదాహరణకు 13వ కీర్తన. ఆరే వచనాలు. ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేని మనిషి దీన్ని ప్రార్థిస్తున్నాడనుకుందాం.

మొదటి రెండు వచనాలు నిలదీతే. ఎన్నాళ్లు, ఎంతవరకు అని దావీదు మళ్లీ మళ్లీ అడుగుతాడు. మన మనిషి ఇలా అనవచ్చు: “తండ్రీ, ఎన్నాళ్లు? ఎనిమిది నెలలైంది. నన్ను మరిచిపోయావేమో అనిపిస్తోంది. రాత్రంతా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. చుట్టాల ముందు తలెత్తుకోలేకపోతున్నాను.”

3, 4 వచనాలు విన్నపం. నన్ను చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు. “రేపటి ఇంటర్వ్యూ నీకు తెలుసు. ఆ పని నాకు ఇప్పించు. ఇప్పించకపోయినా నన్ను లోలోపల చచ్చిపోనివ్వకు.”

5, 6 వచనాల్లో గొంతు మారుతుంది. నీ కృపను నమ్ముకున్నాను, యెహోవా నాకు మేలు చేశాడు, పాడతాను అంటాడు. నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగిందో కీర్తన చెప్పదు. శత్రువు పోయాడని లేదు, జవాబు వచ్చిందనీ లేదు. కాబట్టి ఇక్కడ లేని సంతోషాన్ని తెచ్చిపెట్టుకోవద్దు. ఆ మనిషి “ఇదివరకు ఫలానా సమయంలో నన్ను నిలబెట్టావు, ఆ కృపనే నమ్ముకుంటున్నాను” అని, నిజంగా జరిగిన ఒక్క సంగతి చెబితే సరిపోతుంది.

అదీ నోట రాని రోజులుంటాయి. అప్పుడు 88వ కీర్తన తీయండి. అది చీకటి దగ్గరే ఆగిపోతుంది. చివర ఓదార్పు లేదు, స్తుతి లేదు. అయినా దాన్ని బైబిల్లో ఉంచారు. మీ ప్రార్థన కూడా అక్కడే ఆగిపోవచ్చు. “ఫిర్యాదు చేస్తే విశ్వాసం లేనట్టు కదా” అనేవారికి ఒక్క మాట: యేసు సిలువ మీద 22వ కీర్తన మొదటి వచనాన్నే కేకవేశాడు (మత్తయి 27:46).

5. “ఆయన” నుంచి “నీవు”కు రండి

కీర్తన దేవుడి గురించి చెబుతున్న చోట, మీరు దేవుడితోనే చెప్పండి. 23వ కీర్తనే దీన్ని చేసి చూపిస్తుంది. మొదటి మూడు వచనాల్లో కాపరి “ఆయన”. పచ్చిక ఉంది, నీళ్లు ఉన్నాయి, అంతా బాగుంది. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ రాగానే “నీవు నాకు తోడై యుందువు” అయిపోతుంది. ఈ మలుపు లేకపోతే ప్రార్థన తెలియకుండానే చిన్న ప్రసంగంగా మారుతుంది.

దేవుడిని నీవు అన్నా, మీరు అన్నా ఫరవాలేదు. బైబిలు భాషలోని “యున్నావు”, “చేయుదువు” కూడా తప్పనిసరి కాదు. అమ్మతో మాట్లాడే తెలుగే చాలు.

6. ఎవరితో మాట్లాడుతున్నారో గుర్తుంచుకోండి

క్రైస్తవులు నమ్మేది ఒక్క దేవుణ్ని. ఆయన తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ప్రార్థన సాధారణంగా నడిచే దారిని ఎఫెసీయులకు 2:18 చెబుతుంది: కుమారుని ద్వారా, ఒక్క ఆత్మయందు, తండ్రి దగ్గరికి. నేరుగా యేసుతో మాట్లాడటమూ తప్పేమీ కాదు. రాళ్ల దెబ్బల మధ్య స్తెఫను “యేసు ప్రభువా” అనే పిలిచాడు (అపొస్తలుల కార్యములు 7:59).

తప్పు జరిగేది మధ్యలో మరిచిపోయినప్పుడు. “పరలోకపు తండ్రీ” అని మొదలుపెట్టి, నాలుగు వాక్యాల తర్వాత “నీవు మా కోసం సిలువ మీద చనిపోయావు” అంటాం. సిలువ మీద చనిపోయింది తండ్రి కాదు, కుమారుడు. మూడో శతాబ్దం మొదట్లో ప్రాక్సియస్ అనే బోధకుడు తండ్రి, కుమారుడు ఒకే వ్యక్తి అన్నట్టు చెబితే, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన క్రైస్తవ రచయిత టెర్టూలియన్ అతడు తండ్రిని సిలువ వేశాడని ఎద్దేవా చేస్తూ ఒక పుస్తకమే రాశాడు. నోరు జారిన ప్రార్థనను దేవుడు తోసేస్తాడని భయపడనక్కరలేదు. కానీ రోజూ అలాగే అంటూ పోతే మన మనసులో దేవుడి రూపం కలగాపులగం అవుతుంది. సరిచేయడం తేలిక. “తండ్రీ, నీ కుమారుణ్ని మా కోసం పంపావు” అనండి, లేదా “ప్రభువైన యేసూ” అని పిలుపు మార్చి కొనసాగించండి.

చివర్లో అనే “యేసు నామములో” కూడా ఇక్కడిదే. అది తలుపు తీసే రహస్య సంకేతం కాదు. నా యోగ్యతతో రాలేదు, ఆయన పేరు మీద వచ్చాను అని చెప్పుకోవడం. ఆయన పేరు మీద అడగలేని కోరిక ఏదైనా జాబితాలో ఉంటే ఆ మాట దగ్గర అదే గొంతుకు అడ్డం పడుతుంది.

7. ఆగండి, ముగించండి

చివర రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. ఏదో స్వరం వినిపించాలని చెవి రిక్కించుకుని కూర్చోనక్కరలేదు. మనసు ఎటో పోతే, మూడో మెట్టులో రాసుకున్న మాటను మెల్లగా అనుకుంటూ వెనక్కి రండి. తర్వాత ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి లేవండి.

తరచుగా జరిగే పొరపాట్లు

*కీర్తనను తాయెత్తులా వాడటం.* దీనికి ఎక్కువగా బలయ్యేది 91. ఇన్నిసార్లు చదివితే ఆపద రాదని లెక్కలు చెప్పేవారున్నారు. మత్తయి 4:6లో యేసును శోధించడానికి సాతాను ఎత్తిన వచనాలు ఆ కీర్తనలోవే. దేవుణ్ని శోధించవద్దని యేసు జవాబిచ్చాడు. 91ని చక్కగా ప్రార్థించండి, షరతుగా మాత్రం కాదు.

*శాప కీర్తనల్లో మనకు గిట్టనివాళ్ల పేర్లు పెట్టడం.* 58, 69, 109, 137 కీర్తనలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. వాటిని దాటవేయమని చెప్పను. అన్యాయం జరిగినవాళ్లకు ఆ మాటలు అవసరం. ఆ కీర్తనల్లో పగను తమ చేతుల్లోకి తీసుకోలేదు, కోపాన్ని దేవుడికి అప్పగించారు. మీరూ జరిగిన అన్యాయాన్ని పేరు పెట్టి చెప్పండి, పగతీర్చే పని ఆయనకు వదిలేయండి (రోమీయులకు 12:19). వెంటనే ఆ మనిషి కోసం ఒక్క వాక్యమైనా ప్రార్థించండి (మత్తయి 5:44). ఆ వాక్యం నోట రాకపోతే ఆ రోజుకు శాప కీర్తన మూసేసి 73 తీయండి.

*పక్కవాళ్లకు చురకలు వేయడం.* కుటుంబ ప్రార్థనలో ఇది మామూలే. “ప్రభువా, ఈ ఇంట్లో పొద్దెక్కేదాకా పడుకునేవాళ్లను మార్చు.” ఇది దేవుడితో మాట్లాడటం కాదని పిల్లలు కూడా పసిగడతారు.

*ప్రతి మూడు మాటలకూ “ప్రభువా, తండ్రీ” అనడం.* చెడ్డ పనేమీ కాదు, అలవాటు. అక్కడ ఊరుకోవడం నేర్చుకుంటే అదే తగ్గుతుంది.

*మళ్లీ అడగడం అవిశ్వాసమనుకోవడం.* మత్తయి 6:7లో యేసు వద్దన్నది మాటలు ఎక్కువైతే వింటారనుకునే వ్యర్థమైన వల్లింపును. గెత్సేమనేలో ఆయనే మూడోసారి కూడా అదే మాట ప్రార్థించాడు (మత్తయి 26:44). పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, “నా కృప నీకు చాలును” అన్న జవాబు దొరికింది (2 కొరింథీయులకు 12:8–9).

ఇలా కుదరకపోతే

చదవలేనివారు, చూపు తగ్గినవారు ఆడియో బైబిలు వాడండి. ఒక వచనం విని ఆపి, ప్రార్థించి, మళ్లీ నొక్కండి. అదీ లేకపోతే కంఠతా వచ్చిన 23 చాలు, దాన్ని నెలల తరబడి తవ్వుకోవచ్చు.

ఇంటిల్లిపాదీ కూర్చుంటే 136 బాగుంటుంది. 26 వచనాలు, ప్రతి వచనంలో “ఆయన కృప నిరంతరముండును” అన్న పల్లవి. ఒకరు ముందుభాగం చదివితే మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. అది అయ్యాక ఒక్కొక్కరూ తమ వారంలోంచి ఒక సంగతి చెప్పాలి, అందరూ అదే పల్లవి అనాలి. చిన్నపిల్లలు ఉంటే 117 తీసుకోండి, రెండే వచనాలు.

ఒంట్లో బాగాలేని రోజు ఒక్క వచనంతో సరిపెట్టుకోండి. దానికి నొచ్చుకోవద్దు.

సరిగ్గా జరుగుతోందా? ఎలా చూసుకోవాలి

కన్నీళ్లు వచ్చాయా, మనసు తేలికపడిందా అన్నదాన్ని కొలతగా పెట్టుకోకండి. నిద్ర చాలని రోజు ఎంత గొప్ప కీర్తన అయినా చప్పగానే ఉంటుంది. వీటిని చూడండి.

లేచేముందు: ఈ రోజు దేవుడి గురించి రాసుకున్న మాట పుస్తకం చూడకుండా చెప్పగలరా? లేకపోతే చదివారు గానీ ప్రార్థించలేదు. రేపు మళ్లీ అదే కీర్తన.

వారానికి ఒకసారి: మొదలుపెట్టినప్పుడు అడిగినదీ ముగించేటప్పుడు అడిగినదీ ఒక్కసారైనా మారాయా? “వాడికి బుద్ధి చెప్పు” అని మొదలైనది “నాకు ఓర్పు ఇవ్వు” దగ్గరికి వచ్చిందా? ప్రార్థన మధ్యలో ఎవరితోనైనా సమాధానపడాలని తట్టిందా? తట్టినా వెళ్లకపోతే అదీ రాసుకోండి. మత్తయి 5:23–24 ప్రకారం అర్పణను బలిపీఠం దగ్గర వదిలేసి అయినా ముందు ఆ పనికి వెళ్లాలి.

నెలకు ఒకసారి: రాసుకున్న మాటలన్నీ వరుసగా చదవండి. అన్నీ ఆదుకునేవాడు, ఇచ్చేవాడు, కాపాడేవాడు అనే ఉంటే మీకు నచ్చిన కీర్తనలే ఏరుకుంటున్నారన్నమాట. వచ్చే నెల 50, 90, 99 వంటివి కలపండి. పరిశుద్ధుడు, న్యాయాధిపతి, యుగయుగాలు ఉండేవాడు కూడా ఆయనే. అన్నీ భయపెట్టే మాటలే ఉంటే 103, 131 దగ్గరికి రండి.

తేదీ లెక్క పట్టుకున్నవారికి ఒక చిక్కు మిగిలింది. 29న 29, 59, 89, 119, 149 వస్తాయి. వాటిలో 119 ఒక్కటే 176 వచనాలు, ఆ రోజు దాన్ని ముట్టుకోకండి. 31వ తేదీకి కీర్తనేదీ మిగలదు కాబట్టి అప్పటికి దాచుకోండి. అందులో ఎనిమిదేసి వచనాల భాగాలు 22 ఉన్నాయి. ఒక 31కి ఒక భాగం మాత్రమే తీసుకుని, ఎక్కడ ఆపారో పెన్సిలుతో గీత పెట్టుకోండి.